మెట్ట నీళ్లు, గిండీ ల్యాబు, ఒక పాత సందేహం

1937 జులైలో ‘ఇండియన్ మెడికల్ గెజెట్’లో మా జిల్లా పేరు మీద ఒక వ్యాసం అచ్చయింది. మూడంటే మూడు పేజీలు. రాసింది హెచ్.ఇ. షార్ట్, సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి. ముగ్గురూ మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు. నెల్లూరు జిల్లా మెట్ట తాలూకాల్లో జనానికి పళ్లు గారకట్టడానికీ, నడివయసు దాటకుండానే నడుములు కొయ్యబారిపోవడానికీ తాగే నీళ్లలోని ఫ్లోరిన్ కారణమని అందులో చెప్పారు. మన దేశంలో మనుషులకొచ్చిన ఫ్లోరోసిస్ గురించి వైద్య పత్రికకెక్కిన మొదటి నివేదికగా దాన్నే చెప్పుకుంటారు. ఈ షార్ట్ చిన్నవాడేం కాదు. 1948లో గార్న్‌హామ్‌తో కలిసి, మలేరియా క్రిమి మనిషి కాలేయంలో దాక్కునే దశను బయటపెట్టినవాడు ఈయనే. పండిట్ తరవాత భారత వైద్య పరిశోధన మండలికి తొలి డైరెక్టరయ్యారు. అలాంటివాళ్లు దర్శి, పొదిలి, కనిగిరి బావుల నీళ్ల మీద తల బద్దలుకొట్టుకున్నారంటే, చదివిన ప్రతిసారీ నాకు కొంచెం గర్వం, ఎక్కువ దిగులు.

ఆ మూడు తాలూకాలూ అప్పట్లో నెల్లూరు జిల్లావే. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడ్డప్పుడు అటు పోయాయి. ఉదయగిరి ఇటు మిగిలింది. వరికుంటపాడు దాటి పామూరు దారిలో పోతుంటే ఒక జిల్లా ఎక్కడ అయిపోయిందో, ఇంకోటి ఎక్కడ మొదలైందో బోర్డు చూస్తే తప్ప తెలియదు. అదే ఎర్రనేల, అవే రాళ్లగుట్టలు, అవే ఎండిపోయిన బోర్లు. భూగర్భ శాస్త్రజ్ఞులు నెల్లూరు షిస్ట్ బెల్ట్ అని పిలిచే పాత రాతి పట్టీలో కింది పొరలకు వింజమూరు పేరు, పై పొరలకు ఉదయగిరి పేరు పెట్టారు. మా ఊళ్ల పేర్లు పాఠ్యపుస్తకాలకెక్కింది కోట వల్లనో, కొయ్య గరిటెల వల్లనో కాదు, ఈ రాళ్ల వల్ల. అభ్రకం, అపటైట్ లాంటి ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. కాల్షియం తక్కువై, బైకార్బనేటు ఎక్కువైన నీళ్లు ఆ రాళ్ల సందుల్లో ఏళ్లతరబడి నిలిస్తే అది నెమ్మదిగా నీళ్లలోకి దిగుతుంది. వాన తక్కువ, చెరువు నిండేది నాలుగేళ్లకోసారి, తాగేది లోతు నీళ్లు. ఇక చెప్పేదేముంది.

నేను ఆత్మకూరులో ఇంటర్మీడియట్ పిల్లలకు లాజిక్ చెప్పినవాణ్ణి. లాజిక్ అనేది ఒక సబ్జెక్టని ఈ తరం పిల్లలకు చెబితే నవ్వుతారు కానీ, ఒకప్పుడు హిస్టరీ, ఎకనామిక్స్ పక్కన అదీ ఉండేది. పుస్తకంలో జాన్ స్టువర్ట్ మిల్ పద్ధతులు వచ్చేవి: అన్వయం (ఫలితం కనబడ్డ చోటల్లా ఉమ్మడిగా ఉన్నదాన్ని వెదకడం), వ్యతిరేకం (కారణం తీసేస్తే ఫలితం పోతుందా అని చూడటం), సహచర పరివర్తనం (ఒకటి పెరిగేకొద్దీ రెండోదీ మారుతుందా అని చూడటం). ఆ పాఠం దగ్గరికొచ్చేసరికి పుస్తకంలోని ఉదాహరణలు పక్కనబెట్టి నేను ఫ్లోరైడ్ కథ చెప్పేవాణ్ణి. క్లాసులో కనీసం ముగ్గురు నలుగురి పళ్ల మీద ఆ మచ్చలు కనబడుతుండేవి. ఉదయగిరి వైపు నుంచి వచ్చిన పిల్లవాడొకడు ఒకసారి లేచి, “ఏంది సార్, నీళ్లలో ఆ ఫ్లోరైడ్‌ను ఎవరన్నా చూశారా? మా నాయన ఆ బావి నీళ్లు తియ్యగా ఉంటాయంటాడు” అన్నాడు.

వాడు తెలియక అన్నా, అడిగింది చార్వాకుల ప్రశ్న. ప్రత్యక్షం ఒక్కటే ప్రమాణం, పొగను చూసి నిప్పు ఉందనుకోవడం ఒట్టి ఊహ అన్నది వాళ్ల వాదం. ఈ నీళ్ల విషయంలో ఆ వాదానికి ఎంత బలం ఉందో చూడండి. లీటరుకు నాలుగైదు మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీళ్లకు రంగుండదు, వాసనుండదు, నాలుకకు ఏమీ తెలియదు. ఉప్పగా ఉండే పక్క బావిలో దోషం తక్కువుండొచ్చు, తియ్యగా ఉండే బావే నడుం విరగ్గొట్టొచ్చు. కంటికీ నాలుకకూ అందని దాన్ని కేవలం అనుమానంతోనే, అంటే హేతువు నుంచి సాధ్యానికి నడిచే తర్కంతోనే పట్టుకోవాలి. ఆ నడక ఎక్కడ జారినా మొత్తం జారినట్టే.

చార్వాకుడి కంటే గట్టివాడు నాగార్జునుడు. శ్రీపర్వతంతో, మన కృష్ణాతీరంతో సంప్రదాయం ముడిపెట్టిన ఆచార్యుడు. ‘విగ్రహవ్యావర్తని’లో ఆయన అడిగిందిది: అన్నిటినీ ప్రమాణాలతో తేలుస్తానంటున్నావు, మరి ఆ ప్రమాణాలను ఏ ప్రమాణంతో తేల్చావు? ఇంకో ప్రమాణంతో అంటే దానికి ఇంకోటి కావాలి, అంతూ పొంతూ ఉండదు. వాటంతట అవే తేలాయంటే మిగతావి ఎందుకు తేలవో చెప్పాలి. ఒకదాన్నొకటి తేలుస్తాయంటే తండ్రి కొడుకుని పుట్టించాడు, కొడుకు తండ్రిని పుట్టించాడు అన్నట్టుంటుంది. యూరప్‌లో తత్వవేత్త హ్యూము ఇంకో దారిన ఈ గుమ్మం దగ్గరికే వచ్చాడు. ఇంతవరకు జరిగింది కాబట్టి రేపూ అలాగే జరుగుతుందనడానికి హామీ ఏదని.

ఈ సందేహాన్ని తేలిగ్గా తీసెయ్యడం నాకిష్టం లేదు. విజ్ఞానశాస్త్రం పేరు చెప్పి కసురుకునేవాళ్లు దీనికి జవాబు చెప్పరు, గొంతు పెంచుతారు. గిండీ వాళ్ల పని దీని ముందు నిలబెట్టి చూస్తేనే అదెంత గట్టిదో తెలుస్తుంది.

డాక్టర్ల కంటే ముందు ఈ జబ్బును కనిపెట్టింది రైతులు. మనుషుల్లో కాదు, ఎడ్లలో. 1930ల్లో ఈ మెట్ట ఊళ్లలో దుక్కి ఎడ్లు కాళ్లు పట్టేసి, కీళ్లు బిగుసుకుపోయి, అరకకు కడితే అడుగు వెయ్యలేకపోవడం చూశారు. మా ఎడ్లంటే సామాన్యం కాదు. ఈ జాతి సంతానాన్నే బ్రెజిల్‌లో నేటికీ ‘నెలోర్’ అని మా జిల్లా పేరుతో పిలుస్తారు. అలాంటి జత కుంటితే రైతు ఊరుకుంటాడా? మనిషి నడుం వంగితే వాతమన్నారు, పూర్వజన్మ పాపమన్నారు, ఎవరో చేసిన చేతబడి అన్నారు. ఎద్దుకు పూర్వజన్మ అంటగట్టడం కొంచెం కష్టం. కొన్నేళ్లకు అదే బిగుతు మనుషుల్లోనూ గమనానికి వచ్చింది.

మా మేనమామ ఒకాయన ఉండేవాడు. దుత్తలూరు దగ్గర సేద్యం. నేను ఊహ తెలిసి చూసేసరికే ఆయన మెడ తిరిగేది కాదు. వెనక నుంచి “మామా” అని పిలిస్తే బండి మలుపు తిరిగినట్టు ఒళ్లంతా తిప్పి చూసేవాడు. పైకి చూడలేడు, టెంకాయ చెట్టు కాపు ఎలా ఉందని నన్ను అడిగేవాడు. నర్రవాడ వెంగమాంబకు పొంగళ్లు పెట్టారు, అనుమసముద్రంపేట దర్గాలో నిద్రలు చేశారు, నాటు వైద్యుల తైలాలు రాశారు. చాలాకాలానికి నెల్లూరులో ఎక్స్‌రే తీయించాం. డాక్టరు ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టుకుని చూపించాడు. వెన్నుపూసలు విడివిడిగా కనబడాల్సినవి సుద్దతో పూసినట్టు ఒకే తెల్లటి కడ్డీలా ఉన్నాయి. ముంజేతిలో పక్కపక్కనుండే రెండు ఎముకల మధ్య, ఖాళీగా ఉండాల్సిన చోట ముళ్లలాగా ఎముక మొలిచింది. “ఈ ముళ్లు చూస్తే చాలు, ఊరి పేరు అడగనక్కర్లేదు” అన్నాడాయన.

ఆ ఆనవాళ్లను మన వైపు మనుషుల ఎముకల్లో చదవడం కూడా 1937లోనే మొదలైంది. అదే ఏడాది షార్ట్, మద్రాసు వైద్యుడు మెక్‌రాబర్ట్‌తోనూ ఎక్స్‌రే నిపుణుడు బర్నార్డ్‌తోనూ మన్నాడి నాయర్‌తోనూ కలిసి ఇంకో పెద్ద వ్యాసం రాశాడు. నీళ్లు చూసినవాళ్లు ఒకవైపు, ఎముకలు చూసినవాళ్లు ఒకవైపు. ఇద్దరి దారులూ కలిశాయి.

అయినా సందేహానికి చోటుంది. ఈ తాలూకాల్లో నీళ్లొక్కటే కాదు, తిండీ అంతంతే, ఎండా విపరీతం, పేదరికమూ అందరికీ ఉన్నదే. ఫ్లోరిన్ ఎక్కువున్న చోటే ఇవన్నీ ఉంటే దోషం దేనిదని తేల్చాలి? అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’ చదివినవాళ్లకు దీని పేరు తెలుసు: ఉపాధి. నిప్పున్న చోటల్లా పొగ ఉంటుందనలేం. కట్టె పచ్చిదైతేనే పొగ వస్తుంది. ఆ పచ్చికట్టె సంగతి మరిచి నిప్పు నుంచి పొగను ఊహిస్తే తర్కం కూలుతుంది. మన తెలుగువాడు పదిహేడో శతాబ్దంలో పిల్లల కోసం రాసిన చిన్న పుస్తకంలో ఉన్న ఈ హెచ్చరికే నేటి వైద్యపరిశోధకుల నిత్యపారాయణం. పండిట్, రాఘవాచారి 1940లో మరో ఇద్దరితో కలిసి రాసిన వ్యాసంలో ఈ పచ్చికట్టెనే వెదికారు. తిండి, ముఖ్యంగా సి విటమిన్ కొరత, జబ్బు తీవ్రతను పెంచుతోందా అని చూశారు.

పెంచొచ్చు. కానీ అదే అసలు కారణం కాలేదు. ఎద్దు తన ఒంట్లో సి విటమిన్ తానే తయారుచేసుకుంటుంది, నిమ్మకాయ తిననక్కర్లేదు. దాని కాళ్లూ బిగుసుకున్నాయి మరి.

ఇంకో సాక్ష్యం ఎక్కడో డెన్మార్క్‌లో ఉంది. కోపెన్‌హాగెన్‌లో క్రయోలైట్ అనే ఖనిజాన్ని పొడికొట్టే ఫ్యాక్టరీ ఉండేది. అందులో ఫ్లోరిన్ మెండు. ఆ దుమ్ము పీల్చిన కూలీల ఎముకలు చిక్కబడిపోయాయని 1932లో అక్కడి వైద్యులు ఎక్స్‌రేల్లో పట్టుకున్నారు. కై రోహోల్మ్ దాని మీద పెద్ద గ్రంథమే రాశాడు, అదీ 1937లోనే. ఇప్పుడు ఈ ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టండి. ఒకడు చలిదేశపు ఫ్యాక్టరీ కూలీ, రొట్టె, మాంసం తినేవాడు. ఇంకొకడు కనిగిరి జొన్నచేను రైతు, సంగటి తినేవాడు. తిండి వేరు, ఎండ వేరు, పని వేరు, రక్తం వేరు, దేవుడు వేరు. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నదల్లా ఒకటే. మిల్ అన్వయ పద్ధతికి ఇంతకంటే మంచి ఉదాహరణ కావాలంటే పుస్తకం రాసేవాడు కల్పించుకోవాల్సిందే.

వ్యతిరేకానికి అమెరికా. కొలరాడోలో ఫ్రెడరిక్ మెకే అనే పళ్ల డాక్టరు 1901 నుంచీ గోధుమరంగు మచ్చల వెంట పడ్డాడు. ఐడహో రాష్ట్రంలో ఓక్లీ అనే ఊళ్లో కొత్త పైపులైను నీళ్లొచ్చాక పిల్లల పళ్లకు మచ్చలొచ్చాయని తల్లులు చెబితే, 1925లో ఆ నీళ్లు మాన్పించి వేరే ఊట నీళ్లు తెప్పించారు. ఆ తరవాత పెరిగిన పిల్లల పళ్లు తెల్లగా వచ్చాయి. అప్పటికి నీళ్లలో ఏముందో ఎవరికీ తెలియదు. 1931లో అల్యూమినియం కంపెనీ రసాయన శాస్త్రజ్ఞుడు చర్చిల్, బాక్సైట్ అనే ఊరి నీళ్లను స్పెక్ట్రోగ్రాఫ్‌తో పరీక్షించి ఫ్లోరిన్ అన్నాడు. అదే ఏడాది అరిజోనాలో మార్గరెట్ స్మిత్ బృందం ఎలుకలతో అదే తేల్చింది. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఒకే చోటికి వచ్చారు.

నాగార్జునుడు ఇక్కడ చిరునవ్వు నవ్వుతాడు. ఎన్ని తెచ్చినా అన్నీ ప్రమాణాలే కదా, కొలిచే సాధనాన్ని ఎవరు కొలిచారని. దీనికి న్యాయశాస్త్రం చదివిన నైయాయికుల దగ్గర పాత జవాబుంది: తక్కెడ. బంగారాన్ని తూచే తక్కెడ మీద అనుమానమొస్తే, బరువు తెలిసిన బంగారంతో తక్కెడనే తూచి చూస్తాం. అప్పుడది ప్రమాణం కాదు, ప్రమేయం, అంటే పరీక్షకు నిలబడే వస్తువు. దేన్నీ శాశ్వతంగా ప్రమాణపీఠం మీద కూర్చోబెట్టనక్కర్లేదు. అనుమానం వచ్చినదాన్ని దించి పరీక్షించే వీలుంటే చాలు.

ఈ తక్కెడ పని నేను నీటి పరీక్షల ల్యాబులో కళ్లారా చూశాను. గాజు గొట్టంలో మా బోరు నీళ్లు పోసి, జిర్కోనియం, అలిజరిన్ కలిపిన ఎర్రటి ద్రావకం చుక్కలు వేశాడు కుర్రాడు. ఫ్లోరైడ్ లేకపోతే నీళ్లు గులాబీ రంగులో నిలుస్తాయి. ఉంటే అది జిర్కోనియాన్ని లాక్కుపోయి రంగు విరిచేస్తుంది, పసుపుకు తిరుగుతుంది. మా నీళ్లు చూస్తుండగానే నిమ్మపండు రంగుకొచ్చాయి. “కళ్లతో చూసి చెబుతున్నావు కదబ్బయా, నీ కన్ను తప్పయితే?” అన్నాను, పాత అలవాటు కొద్దీ. కుర్రాడు విసుక్కోలేదు. ఫ్లోరైడ్ అసలు లేని నీళ్లు ఒక గొట్టంలో, తూకంగా ఒక మిల్లీగ్రాము కలిపినవి ఒక దాంట్లో, రెండు కలిపినవి ఇంకో దాంట్లో వరుసగా పెట్టి, “వీటి పక్కన పెట్టి చూడండి సార్” అన్నాడు. తరవాత అవే నీళ్లలో ఎలక్ట్రోడు ముంచాడు. దానికి రంగుతో పనిలేదు. లాంథనమ్ ఫ్లోరైడ్ స్ఫటికం మీద పుట్టే విద్యుత్తును కొలుస్తుంది, 1966లో వచ్చిన పద్ధతి. సల్ఫేటు ఎక్కువున్న నీళ్లలో రంగు పరీక్ష మోసం చెయ్యొచ్చని కూడా ఆ కుర్రాడే చెప్పాడు. తన తక్కెడలో లోపమెక్కడుందో తనే చెప్పేవాణ్ణి నమ్మడానికి నాకు అభ్యంతరం లేదు.

సందేహించడం తెలిసిన ఊళ్లే ఇవి కూడా. “మా తాత ఆ నీళ్లే తాగి నిండా బతికాడు” అంటారు. నిజమే అయ్యుండొచ్చు. ఫ్లోరైడ్ కొంత మూత్రంలో పోతుంది, కొంత ఎముకలో చేరుతుంది. ఎన్నేళ్లు తాగారు, రోజుకు ఎంత తాగారు, ఎండలో పనిచేశారా, మూత్రపిండాలు ఎలా ఉన్నాయి, పాలూ పెరుగూ ఉన్నాయా అన్నదాన్ని బట్టి ఒకే బావి నీళ్లు ఒకరిని వంచుతాయి, ఒకరిని వదిలేస్తాయి. తాతల రోజుల్లో నీళ్లు పైపొర బావులవి, ఇప్పుడు లోతు బోర్లవి, అదీ చూసుకోవాలి. ఇంకొకరు పేస్టు డబ్బా చూపిస్తారు: “ఇందులో ఫ్లోరైడ్ వేసి అమ్ముతున్నారు, నీళ్లలో ఉంటే విషమా?” ఇది మంచి ప్రశ్న. సహచర పరివర్తనమంటే ఇదే. ట్రెండ్లీ డీన్ అమెరికా ఊళ్లెన్నో తిరిగి, నీళ్లలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా ఉంటే పళ్లు పుచ్చడం తగ్గుతుందనీ, అక్కడి నుంచి పెరిగే కొద్దీ మచ్చలు పెరుగుతాయనీ చూపించాడు. మన తాగునీటి ప్రమాణాల ప్రకారం ఒక మిల్లీగ్రాము దాకా మేలు, వేరే దారి లేకపోతే 1.5 వరకు సరే.

ఈ జ్ఞానం రాతిలో చెక్కినట్టు ఉండిపోలేదు. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఫ్లోరైడ్ ప్రాంతపు పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగే కొత్తరకం జబ్బును ‘లాన్సెట్’లో వర్ణించారు. నాగార్జునసాగర్ వచ్చాక భూగర్భ జలం పైకి రావడం, జొన్నల్లో మాలిబ్డినం పెరగడం దీనికి తోడయ్యాయేమోనన్నారు. ఫ్లోరైడ్ ఒక్కటే అన్న పాత లెక్కకు అలా కొత్త అంకె చేరింది. ఇక శ్రీకాకుళం ఉద్దానం కిడ్నీ జబ్బు చూడండి. ఎన్ని బృందాలు వెళ్లినా ఇదే కారణమని గట్టిగా తేలలేదు, తేలలేదనే చెబుతున్నారు. కనిగిరి విషయంలో తేలిందన్న నోటితోనే ఉద్దానం విషయంలో తేలలేదంటున్నారు కాబట్టి నాకు ఆ మొదటి మాట మీద గురి ఎక్కువైంది. అన్నిటినీ ఒకేలా కాదనే సందేహానికి ఈ రెండింటి మధ్య తేడా కనబడదు. నాగార్జునుడు కోరింది చెదరని నిశ్చయం. అది లేదనడంలో ఆయన మాట నిజం. గిండీ వాళ్లు ఇచ్చింది నిశ్చయం కాదు, ఏ బావి నీళ్లు తాగొచ్చో చెప్పగలిగే తెలివిడి. దాని మీద పిల్లల ఎముకల్ని పందెం కాయొచ్చు.

1937లో తెలిసిన సంగతి మా గడపలోకి రావడానికి పట్టిన కాలానికి మాత్రం ఏ తత్వవేత్తనూ తప్పుపట్టలేం. నాగపూరు నీరి సంస్థ పటికా సున్నం వేసి ఫ్లోరైడ్‌ను అడుక్కి దింపే ‘నల్గొండ పద్ధతి’ని 1970ల్లో కనిపెట్టింది. ఆత్మకూరు పక్కనే సోమశిలలో 78 టీఎంసీల పెన్న నీళ్లు నిలబడ్డాయి. ఆ జలాశయానికి ఉత్తరాన ఉన్న మెట్ట ఊళ్లు మాత్రం దశాబ్దాల తరబడి చేతిపంపే కొట్టుకున్నాయి. మా మేనమామ చివరిదాకా తన ఊరి బావి నీళ్లే తాగాడు. కారణం తెలియక కాదు, వేరే నీళ్లు లేక.

ఇప్పుడు వీధివీధికీ మినరల్ వాటర్ ప్లాంటు, ఇరవై లీటర్ల క్యాను వచ్చాయి. తాగడానికి క్యాను తెచ్చుకుని, అన్నం వండటానికీ పప్పు ఉడకబెట్టడానికీ బోరు నీళ్లే వాడే ఇళ్లు నాకు చాలా తెలుసు. మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఉదయగిరి, వరికుంటపాడు, దుత్తలూరు, మర్రిపాడు వైపు ఉన్నవాళ్లు ఈ పని చేయండి. బోరు కాసేపు వదిలి, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అవే నీళ్లతో రెండు మూడుసార్లు తొలిచి, నింపి, ఊరి పేరు, బోరు లోతు, తేదీ రాసి గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో ఇవ్వండి. వానలకు ముందొకసారి, కార్తీకం వానలయ్యాక ఇంకోసారి. క్యాను నీళ్లూ ఒక సీసా పట్టుకెళ్లండి. కాగితం మీద 1.5 దాటి కనబడితే ఆ నీళ్లు వంటకు కూడా వాడకండి, ముఖ్యంగా పళ్లు ఇంకా మొలుస్తున్న పిల్లలున్న ఇంట్లో.